కమిటీ తీర్మానించిన పాము

బడిలో డ్రాయింగ్ పీరియడంటే మిగతా మాస్టర్లందరికీ ఉమ్మడి సొత్తు. సిలబస్ వెనకబడిన లెక్కల మాస్టారు అడిగితే ఇచ్చెయ్యాలి. ఇంగ్లీషు మాస్టారైతే అడక్కుండానే తీసుకుంటారు. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే మాత్రం గోడల మీద సూక్తులు రాయడానికీ, గుమ్మానికి స్వాగతం బోర్డు కట్టడానికీ అందరికీ మనమే గుర్తొస్తాం. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన మీకు ఈపాటికి ఇది అనుభవంలోకి వచ్చే ఉంటుంది.

మొన్నొక సమావేశంలో మీలో ఒకరు, "మాస్టారూ, మీరు వేసినవాటిలో మీకు బాగా నచ్చిన బొమ్మ ఏది?" అని అడిగారు. టీ చల్లారిపోతోందని చెప్పి తప్పించుకున్నాను. ఒక్క ముక్కలో తేలే జవాబు కాదది. ఆ బొమ్మను సగం నేను వేశాను. పావు వంతు చర్చి కమిటీ వేసింది. మిగిలింది ఒక కూలి ముఠా మేస్త్రి వేసింది, అదీ కుంచె పట్టుకోకుండా.

తొంభైల చివరి సంగతి. సత్తెనపల్లి నుంచి బస్సులో ముప్పావు గంట వెళ్తే వచ్చే ఒక ఊళ్ళో, చర్చివాళ్ళు నడిపే హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పని చేస్తున్నాను. నాది పర్మినెంటు పోస్టు కాదు. యాజమాన్యం సిఫారసు చేసి పైకి పంపితే అవుతుంది. ఆ కాగితం హెడ్మాస్టరు గారి బీరువాలో ఆరేళ్ళుగా పడి ఉంది. బడిలో చేరకముందు నా బతుకు గోడల మీద గడిచింది. పురుగుమందుల డీలర్లకు ఊరూరా తిరిగి ప్రకటనలు వేసేవాణ్ణి. అప్పట్లో వినుకొండ దాకా ఏ ఊరి మొగలో చూసినా నేను వేసిన శనగపచ్చ పురుగు ఉండేది. తల పత్తికాయలో, ఒళ్ళు బయట. పక్కనే మందు సీసా. పత్తి వేసే ఊళ్ళవాళ్ళకు ఆ పురుగు గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: చిటికెన వేలంత కూడా ఉండని పచ్చటి గొంగళిపురుగు అది. మందు మీద మందు కొట్టినా చావకుండా కాయలోకి దూరి, చేను చేనంతా తినేసేది. ఆ ఏళ్ళలో దానివల్ల ఎన్ని ఇళ్ళలో పొయ్యి ఆరిపోయిందో ఇక్కడ రాయను.

బడి పక్కనే చర్చి. పాతదాన్ని పడగొట్టి కొత్తది కట్టారు. నవంబరు చివరి ఆదివారం బిషప్ గారు ప్రతిష్ఠకు వస్తానన్నారు. ప్రసంగ వేదిక వెనక గోడ పెద్దది, ఖాళీగా ఉంది. దాని మీద ఏం వెయ్యాలా అని కమిటీ కూర్చుంది. కమిటీకి కార్యదర్శి మా హెడ్మాస్టరు గారే. ఆయన గుంటూరు టౌనులో పుట్టి పెరిగిన మనిషి. ఈ లోకంలో ఆయనకు ప్రాణమైన వస్తువు ఒక్కటే, తీర్మానాల పుస్తకం.

"సున్నం వేయించండి, చాలు," అన్నారాయన. "బొమ్మలు చేయకూడదని దేవుడే ఆజ్ఞ ఇచ్చాడు గదా!"

మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, వేదాంత కళాశాల నుంచి ఆ ఏడే వచ్చారు. చదివిన చదువంతా ఇంకా వేడివేడిగా ఉంది ఆయన దగ్గర.

"ఆ ఆజ్ఞ మొక్కడానికి చేసుకునే బొమ్మల గురించండి," అన్నారు. "అదే దేవుడు ఎడారిలో గుడారం కట్టించేటప్పుడు ఒక మనిషిని తన ఆత్మతో నింపానన్నాడు. ఎవర్ని నింపాడు? ప్రవక్తనా? రాజునా? కాదండి. చెక్కపనీ, రాతిపనీ, బంగారప్పనీ తెలిసిన ఒక పనివాణ్ణి. ఆత్మతో నిండినవాడని మొట్టమొదట పేరు తెచ్చుకున్నది చేతిపని చేసుకునేవాడండి."

నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. మా వృత్తి గురించి అంత మంచి మాట అంతకుముందు ఎవరి నోటా వినలేదు. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను అరికాలి నుంచి నడినెత్తి దాకా చూశారు, ఆత్మ ఎక్కడి దాకా నిండిందో కొలుస్తున్నట్టు.

ఓటింగు పెడితే అయ్యగారి మాట నెగ్గింది. ఏదెను తోట వెయ్యమన్నారు. ఓడిపోయిన హెడ్మాస్టరు గారు అంతటితో ఊరుకునే మనిషి కాదు. వేస్తే వెయ్యండి, కానీ ప్రతిదీ తీర్మానం ప్రకారమే జరగాలన్నారు.

ఆదాము హవ్వల ఒంటి మీద బట్టలుండవు కాబట్టి నడుము దాకా మొక్కలు అడ్డం ఉండాలని మొదటి తీర్మానం. ఏ మొక్కలు? మిరప వెయ్యమన్నారు ఒకరు. కమిటీలో ఉన్న ఒక పెద్ద రైతు అడ్డం తిరిగాడు. "మిరప మోకాళ్ళ కాడికే వచ్చిద్ది. దాంతో ఏం దాగిద్దయ్యా? పత్తి పెట్టండి, నడుం దాకా దిట్టంగా ఉండిద్ది." అలా దేవుడి తోటలో పత్తి మొలిచింది.

వెదురు కర్రలతో మంచె కట్టించుకుని పని మొదలుపెట్టాను. బడి వదిలాక రోజూ రెండు గంటలు. చెట్టు అయింది, మనుషులయ్యారు, పత్తి పూసింది. తినొద్దన్న పండును హవ్వ చేత తినిపించిన పామును చెట్టు మానుకు చుట్టబెడుతుండగా ఒక సాయంత్రం అయ్యగారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి కింద నిలబడ్డారు. చాలాసేపు చూశారు.

"మాస్టారూ, ఆ పాము అలా పాకకూడదండి."

"పాము పాకక ఏం చేస్తుందండి?"

"ఇప్పుడైతే పాకుతుంది. అప్పుడు కాదు. పొట్టతో పాకమని శాపం పెట్టింది పండు తిన్నాక గదా. మీరు వేస్తున్నది తినక ముందు. అంతకుముందు కూడా పాకుతూనే ఉంటే అది శాపం ఎలా అవుతుంది?"

నా కుంచె గాల్లోనే ఆగిపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆదివారం బడికి వెళ్ళినవాణ్ణి. ఈ ఆలోచన ఒక్కనాడూ తట్టలేదు.

"అంటే కాళ్ళుండాలా అండి?"

"ఉండి తీరాలి."

"ఎన్ని?"

అయ్యగారు గ్లాసు కింద పెట్టి తల గోక్కున్నారు. "అది వాక్యంలో లేదండి." అంతలోనే ముఖం వెలిగిపోతుండగా, "వాక్యం ఆగిన చోటే మీ పని మొదలవుతుంది మాస్టారూ," అన్నారు.

ఆ మాటకు ఆ సాయంత్రమంతా నేల మీద నడవలేదు నేను. మర్నాడు స్టాఫ్‌రూములో ఎవరితోనో చెప్పుకున్నాను. అది నేను చేసిన మొదటి తప్పు. మధ్యాహ్నానికల్లా హెడ్మాస్టరు గారు పిలిపించారు.

"వాక్యం ఆగిన చోట మొదలయ్యేది మీ పని కాదండి," అన్నారు. "కమిటీ పని."

గురువారం సమావేశానికి సలహాదారులుగా మా సైన్సు మాస్టారినీ, తెలుగు పండితుణ్ణీ పిలిచారు. పండితుడు మా చర్చి మనిషి కాదు, పొద్దున్నే సంధ్యావందనం చేసుకుని బడికొచ్చే మనిషి. కానీ ఊళ్ళో వ్యాకరణానికి ఆయనదే చివరి మాట. శాపం ఉన్న వాక్యాన్ని ఆయన చేతికిచ్చారు. రెండుసార్లు పైకి చదివి, కళ్ళు మూసుకుని, తెరిచి చెప్పారు.

"క్రియ భవిష్యత్కాలంలో ఉంది. అంచేత పాకడం అంతకుముందు లేదు. కాళ్ళు సిద్ధించాయి. సంఖ్య మాత్రం సిద్ధించలేదు."

"సైన్సు ఏమంటుంది?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"కొండచిలువకు తోక దగ్గర రెండు గోళ్ళుంటాయండి," అన్నారు సైన్సు మాస్టారు. "ఒకప్పటి కాళ్ళ ఆనవాళ్ళు. అంచేత రెండు."

"రెండు కాళ్ళ మీద నడిచేది కోడి," అన్నాడు పెద్ద రైతు. "దేవుడు నడవమని పుట్టించిన జీవానికి నాలుగు పెట్టకుండా ఉంటాడా?"

రెండుకు నలుగురు, నాలుగుకు నలుగురు. గంటన్నర గడిచింది. టీలు రెండు సార్లు వచ్చాయి. చివరికి హెడ్మాస్టరు గారు కలం తీసి, ఎవరినీ అడక్కుండా రాసి, చదివి వినిపించారు: "సర్పమునకు రెండు కాళ్ళు కనిపించవలెననియు, తక్కినవి ఏవేని ఉన్నచో చెట్టు చాటున ఉన్నట్లు భావించవలెననియు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

నా సర్వీసు మొత్తంలో నేను చూసిన తీర్మానాల్లో అంత తెలివైనది మరొకటి లేదు. ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాయి. నేను వెళ్ళి పాముకు రెండు కాళ్ళు పెట్టాను, గోళ్ళతో సహా.

చర్చి ఊడ్చే పెద్దమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. మా ఊళ్ళో పత్తి తీతకూ, మిరప కోతకూ వెళ్ళే ఆడవాళ్ళ ముఠాకు ఆమె మేస్త్రి. ఏ చేలో ఎంతమంది దిగాలో, ఎప్పుడు ఒడ్డుకెక్కాలో ఆమె చెబితే రైతులు కూడా ఎదురాడేవారు కాదు. తనూ ఒక ఎకరం కౌలుకు తీసుకుని పత్తి వేసింది. శనివారం సాయంత్రం మాత్రం ఎంత పనున్నా వచ్చి చర్చి ఊడ్చేది. ఆ వారం వచ్చి, చీపురు చంకన పెట్టుకుని గోడ వంక చూసింది.

"ఉడుమెందుకేశావయ్యా?"

"ఉడుము కాదు పెద్దమ్మా, పాము."

"పాముకు కాళ్ళేంది?"

శాపం సంగతి, వ్యాకరణం సంగతి, కొండచిలువ సంగతి అంతా చెప్పాను. శ్రద్ధగా వింది.

"అంతా బాగానే ఉంది గానీ అయ్యా, ఉడుము మాటలకి ఎవరన్నా మోసపోతారా? ఆయమ్మ దాని తల మీద ఒక్కటిచ్చి పొయ్యి మీద పెట్టేది. అప్పుడీ గొడవే ఉండకపోను."

మర్నాడు ఆరాధనలో, అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుండగా, ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కుమని ఒక నవ్వు వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత మగవాళ్ళ వైపు దగ్గులు. "ఉడుము కూర" అన్న మాట నాక్కూడా వినిపించింది. అయ్యగారు ప్రార్థనను ఆమెన్‌తో అర్ధాంతరంగా ముగించారు.

సోమవారం అత్యవసర సమావేశం. ఉడుమని ఎవరూ పొరబడకుండా ఏం చెయ్యాలి? సైన్సు మాస్టారు లేచి, "కాళ్ళు ఆరు దాటితే ఉడుము కాదని నేను రాసిస్తానండి," అన్నారు. గోళ్ళు తీసెయ్యాలని, కాళ్ళు ఆరుకు మించి పెట్టి పొట్టివి చెయ్యాలని, ఉడుముకు ఆ రంగు ఉండదు కాబట్టి ఒళ్ళంతా ఆకుపచ్చ వెయ్యాలని, ప్రతిష్ఠ దాకా గోడకు గుడ్డ కట్టాలని తీర్మానించారు.

ఆకుపచ్చ రంగు. బొద్దుగా గుండ్రటి ఒళ్ళు. కింద బారుగా పొట్టి కాళ్ళు. చుట్టూ పూతా కాయా ఉన్న పత్తి. మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు మూడో రోజు అర్థమైంది.

అప్పుడైనా ఎవరికో ఒకరికి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇది నా రెండో తప్పు, తెలిసి చేసింది. అన్నాళ్ళూ తీర్మానాలు మోసిన చెయ్యి ఒక్కసారిగా తనకు బాగా తెలిసిన దారిలో పడింది. ఒంటికి రెండు పక్కలా తెల్లటి చార, చార కింద ఊపిరి చుక్కలు, వీపు మీద కంటికి ఆనీ ఆనని నూగు. సీసా పక్కన ఎన్నో గోడల మీద వేశాను గానీ అంత ప్రాణంతో ఎప్పుడూ రాలేదు. మనిషి చెయ్యంత లావున, కాయంత తలతో, హవ్వ చెవి దగ్గరికి వంగి ఏదో చెబుతోంది. చేసినదాన్ని చూసి బాగుందనుకునే హక్కు దేవుడికి ఒక్కడికే ఉందో, పనివాడికి కూడా ఉందో నాకు తెలియదు. నేను మాత్రం మంచె మీద కూర్చుని చాలాసేపు అనుకున్నాను.

ప్రతిష్ఠ రోజు పొద్దున్నే హెడ్మాస్టరు గారు గుడ్డ తొలగించి తనిఖీ చేశారు. పట్టుబడ్డాననే అనుకున్నాను. కానీ ఆయన పత్తిని పరుపులో తప్ప మరెక్కడా చూడలేదు. "కాళ్ళు బాగున్నాయి. ఉడుములా లేదు," అన్నారు. "నవ్వు ఎక్కువైంది. సైతానుకు అంత ప్రసన్నమైన ముఖం ఉండకూడదు. మార్చండి." అప్పటికప్పుడు తల చెరిపి కొత్తగా వేశాను. అది నూనె రంగు. దానికి తోడు తుపాను పట్టి మూడు రోజులుగా ముసురు. ఆరే ప్రసక్తే లేదు. ఎవరూ ముట్టుకోరు గదా అనుకున్నాను.

ఆ ఏడు పురుగు ఎలా ఉందంటే, ఆ ముందు వారమంతా రైతులు మందు కొట్టడం మానేసి కూలీలను పెట్టి చేత్తో ఏరించారు. పెద్దమ్మ ముఠా పొద్దుగూకే దాకా చేలల్లో ఒంగి, ఆకు ఎత్తడం, పురుగును తల దగ్గర పట్టి మెలిపెట్టి లాగడం, కింద పడేసి తొక్కడం. కౌలు చేను ఆమెది అప్పటికే పోయింది. ఒక్క తీత కూడా ఇంటికి రాలేదు. అయినా ఆ ఆదివారం అందరి ఆడవాళ్ళలాగే ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చి మూడో వరసలో కూర్చుంది.

చర్చి కిక్కిరిసిపోయింది. వాకిట్లో షామియానా కింద కూడా జనం. పిలుపు అందుకుని ఊరి రైతులు వచ్చారు, మతం తేడా లేకుండా. పండితుడూ, సైన్సు మాస్టారూ ముందు కుర్చీల్లో ఉన్నారు, సగం బాధ్యత తమదన్నట్టు. పాట అయింది. బిషప్ గారు లేచి తాడు లాగారు. గుడ్డ జారిపోయింది.

జనం మెడలు సాచి చూశారు. ఆ తర్వాత వెనక నుంచి ఒక రైతు గొంతు, ఎక్కడున్నదీ మరిచిపోయి, బావి దగ్గర అరిచినట్టు అరిచింది.

"ఓరి దీని దుంపతెగ! ఇక్కడిక్కూడా వచ్చిందిరా!"

"ఏం మేసిందిరా అంత లావైంది!" అని ఇంకొకరు.

నవ్వులు పేలాయి. బిషప్ గారు అయోమయంగా అయ్యగారి వైపు, అయ్యగారు నా వైపు, హెడ్మాస్టరు గారు తీర్మానాల పుస్తకం వైపు చూశారు. అయితే ఆ నవ్వు నిలవలేదు. వరస తర్వాత వరస దానంతటదే ఆగిపోయింది. ముందు వరసలో ఒక రైతు కండువాతో ముఖం తుడుచుకోవడం చూశాను. అందరూ ఆ గోడ వంకే చూస్తున్నారు. పొలంలో కనపడ్డప్పుడు ఎలా చూస్తారో అలా.

అప్పుడు పెద్దమ్మ లేచింది. ఎవరినీ చూడకుండా నడవలోంచి ముందుకొచ్చింది. వేదిక మెట్టెక్కింది. బిషప్ గారు తనంత తనే పక్కకు తప్పుకున్నారు. ఆమె ఎడమ చెయ్యి గోడ మీద ఉన్న పత్తి ఆకు కిందికి పోయింది, ఆకు ఎత్తుతున్నట్టు. కుడిచేత్తో ఆ తలను పట్టుకుంది. మెలిపెట్టి లాగింది. పచ్చి రంగు మొత్తం చేతిలోకి వచ్చేసింది. కింద విదిలించి, మడమతో నేలకు రాసి, చెయ్యి చీరకు తుడుచుకుంది. తెల్లచీర మీద పిడికెడంత పచ్చటి మరక.

అప్పటికి గానీ ఎక్కడున్నదీ ఆమెకు తెలిసిరాలేదు. వెనక్కి తిరిగి, అంత జనాన్నీ చూసి, బిషప్ గారి వైపు తిరిగింది.

"అలవాటయ్యా," అంది. "ఏమీ అనుకోమాక."

బిషప్ గారి చేతిలో టైపు చేసిన ప్రసంగం నాలుగు పేజీలుంది. తల లేని సర్పాన్ని, నేల మీది మరకను, ఆమె పాదాన్ని వరసగా చూశారు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"స్త్రీ సంతానం ఈ సర్పం తల చితకగొడుతుందని దేవుడు మనకు తోటలోనే మాట ఇచ్చాడు," అన్నారు మెల్లగా. "దాని అర్థం ఏమిటో రాసిన పుస్తకాలు మా ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి. ఇవాళ్టిదాకా నేను అవే చదివాను. లేవండి, ప్రార్థన చేద్దాం."

అంతే ప్రసంగం. అది అంత తొందరగా అయిపోతుందని ఎవరూ అనుకోలేదు గనక భోజనాల దగ్గర అన్నం ఇంకా ఉడకనే లేదు. బిషప్ గారితో సహా అందరం ముప్పావు గంట ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చున్నాం.

సోమవారం మెమో వచ్చింది. తీర్మానించిన సర్పము పురుగుగా మారుటకు గల కారణములు తెలుపవలెను. చెరిగిన తలను వచ్చే ఆదివారములోగా తిరిగి చిత్రించవలెను. మెమో చేతికిస్తూ హెడ్మాస్టరు గారు బీరువా వైపు ఒకసారి చూసి, "ఆ పని కానివ్వండి, మీ కాగితం పంపిస్తాను," అన్నారు.

శనివారం రంగు కలుపుకుని వెళ్ళాను. పెద్దమ్మ ఊడుస్తోంది.

"ఏం చేస్తన్నావయ్యా?"

"తల పెడుతున్నా పెద్దమ్మా."

"దానికా? ఎందుకు?"

"కమిటీ చెప్పింది."

"పెట్టు మరి. చెప్పిన పని చెయ్యకపోతే ఎట్టా?" అని చీపురు పక్కన పెట్టి, వేదిక మెట్టు మీద కూర్చుంది. అరగంట గడిచినా కదల్లేదు.

"ఊడ్చడం అయిపోయింది గదా, ఇంకా కూర్చున్నావేం?" అన్నాను.

"ఆరినాక లాగితే రాదు గదయ్యా!"

నేను తల వేసి దిగాను. ఆమె లేచి తీసేసింది. ఆపాలని నాకు అనిపించలేదు. మర్నాడు హెడ్మాస్టరు గారు, "వెయ్యలేదా?" అన్నారు. వేశానన్నాను. "మరేదీ?" నిలవలేదన్నాను. రెండూ నిజాలే. రంగు నాసిరకమని రాసుకుని వేరే రంగు తెప్పించారు. రెండో శనివారం కూడా ఇంతే. మూడో శనివారం నేను తల వేస్తుండగా, ఆమె మెట్టు మీద కాచుకుని ఉండగా, అయ్యగారు లోపలికి వచ్చారు. సంగతి తెలిసి ఆయన కూడా మెట్టు మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక చాలాసేపు గోడ వంక చూశారు.

"మాస్టారూ, దేవుడు సృష్టి చేశాడని గొప్పగా చెప్పుకుంటాం. ఏడో రోజు ఆగాడనేదాన్ని విశ్రాంతి అని తేలిగ్గా తీసేస్తాం. ఆగడం కూడా ఆ పనిలో భాగమేనేమో అనిపిస్తోందండి. ఇంకొక్క గీత గీస్తే పాడవుతుందని తెలిసినవాడే ఆగగలడు."

"అదేం గాదులే అయ్యగారూ," అంది పెద్దమ్మ. "ఆరు దినాలు ఒంగి పని చేసినోడికి నడుం నొప్పి ఉండదా? కూకోక ఏం చేస్తాడు?"

ఇద్దరిలో ఎవరిది సరైన వేదాంతమో నేను ఈ రోజుకీ తేల్చుకోలేదు. ఆ సాయంత్రం మాత్రం వేస్తున్న తలను గుడ్డతో నేనే తుడిచేసి, కుంచె కడుక్కుని దిగాను. సోమవారం మెమోకు జవాబు రాసిచ్చాను, ఒక్క వాక్యం: చిత్రము పూర్తి అయినది.

"తల లేకుండానా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"అవునండి."

ఆయన నా వంక కోపంగా చూడలేదు. జాలిగా చూశారు. నా కాగితం మరో నాలుగేళ్ళు ఆ బీరువాలోనే ఉంది. ఆయన రిటైరయ్యాక కొత్తాయన బీరువా దులిపిస్తే బయటపడింది. ఇదంతా ధైర్యవంతుణ్ణని చెప్పుకోవడానికి రాయడం లేదు. మూడు శనివారాలు ఆ తల వేసింది నేనే. ఇంకొకరెవరో వచ్చి చెబితే గానీ ఆగాల్సిన చోటు నాకు కనపడలేదు. మీకు ముందే కనపడితే అదృష్టవంతులు.

తీర్మానాల పుస్తకంలో ఖాళీ మిగలకూడదు గనక హెడ్మాస్టరు గారు దాన్నీ తన పద్ధతిలో సర్దారు: "సర్పము యొక్క తల సైతము చెట్టు చాటున ఉన్నట్లు భావించవలెను." కాలక్రమేణా ఊళ్ళోవాళ్ళు పత్తి గింజలు నాటే ముందు ఆ గోడ దగ్గరికి వచ్చి నిలబడటం మొదలుపెట్టారు, మా చర్చికి రానివాళ్ళు కూడా. ఇది మొక్కడం కిందికి వస్తుందా రాదా అని ఇంకో సమావేశం జరిగింది. దాని సంగతి వదిలేయండి.

ఆ తర్వాత ఫ్లెక్సీల కాలం వచ్చింది. అయ్యగారికి వేటపాలెం వైపు బదిలీ అయింది. కొత్త కమిటీ ఆ గోడ పాతబడిందని, గుంటూరులో ఒక పెద్ద ఫ్లెక్సీ ప్రింటు చేయించి తెచ్చింది. ఏదో చల్లటి దేశపు తోట. జలపాతం, జింకలు, నీళ్ళలో తెల్లటి హంసలు, కొలిచి కత్తిరించినట్టున్న పచ్చగడ్డి. డ్రాయింగ్ మాస్టారు కాబట్టి దాన్ని కట్టే పని నాకే అప్పజెప్పారు. నిచ్చెనెక్కి నా బొమ్మ మీదుగా తాళ్ళు కట్టాను. బాధపడ్డానని చెప్పను. కింద నిలబడ్డవాళ్ళంతా ఎంతో బాగుందన్నారు. పామూ లేదు, పురుగూ లేదు, కళ్ళకు హాయిగా ఉందన్నారు.

పెద్దమ్మ అప్పటికి బాగా వంగిపోయింది. కర్ర ఊతంతో వచ్చి, అందరూ వెళ్ళిపోయాక, దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"ఇందులో మనుషులెవరూ లేరేందయ్యా?"

"లేరు పెద్దమ్మా."

ఆమె ముందుకు వంగి ఆ గడ్డినీ, పూల మడులనూ, వాటి మధ్య సందులనూ పరీక్షగా చూసింది, చేలో దిగే ముందు చూసినట్టు.

"ఇంత తోటకి కలుపెవరు తీస్తన్నారు మరి?"

నేను నిచ్చెన పై మెట్టు మీద ఉన్నాను. అక్కడి నుంచి తోట మొత్తం కనపడుతుంది. ఎంత వెతికినా అందులో నాకు ఒక్క కూలి మనిషి కూడా కనపడలేదు.